పేరులో ‘సెయింట్’ ఉన్న యూనివర్సిటీ: ఎంఎస్‌కి పంపొచ్చా? అసలు వీళ్ళు ఏమిస్తారు?

పల్నాటి_లెక్కలు
మా అమ్మాయి కంప్యూటర్స్‌లో బీటెక్ పూర్తి చేసింది. ఎంఎస్‌కి అమెరికాలో రెండు చోట్ల నుంచి ఐ-20 (స్టూడెంట్ వీసాకి కావలసిన అడ్మిషన్ కాగితం) వచ్చింది. ఒకటి మిస్సోరీలోని సెయింట్ లూయిస్ యూనివర్సిటీ. రెండోది పక్క రాష్ట్రంలో ఒక గవర్నమెంట్ యూనివర్సిటీ. మొదటిది జెసూట్లు (క్యాథలిక్ ఫాదర్లలో ఒక సంఘం) నడిపే ప్రైవేటు యూనివర్సిటీ అట. కన్సల్టెన్సీ కుర్రాడు “సార్, ప్రైవేటంటే అక్కడ మన కార్పొరేట్ కాలేజీ లెక్క, కళ్ళు మూసుకుని పంపండి” అన్నాడు. ఆ మాటతోనే నాకు అనుమానం మొదలైంది. ఇరవై రెండేళ్ళుగా జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. కార్పొరేట్ కాలేజీ అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంట్లో ఇంకో గొడవ. మా అమ్మకి 81 ఏళ్ళు. ‘సెయింట్’ అన్న మాట చెవినపడగానే “పిల్లని చర్చిలో కలిపేసుకుంటారంట్రా” అని రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఎదురింటి ఆవిడ దానికి ఆజ్యం పోస్తోంది.

తెలిసినవాళ్ళు చెప్పండి. చర్చికి వెళ్ళడం తప్పనిసరా? క్రిస్టియన్ యూనివర్సిటీ అయినందువల్ల పిల్లకి అదనంగా ఒరిగేదేమైనా ఉందా? స్కాలర్‌షిప్ అని ఫీజులో కొంత తగ్గించారు. అది నిజంగా తగ్గించిందా, ఆషాఢం సేల్ లాగా పెంచి తగ్గించిందా?

చికాగో_చిట్టిబాబు
ఆషాఢం సేలే మాస్టారూ. మీరే పట్టేశారు. థ్రెడ్ ఇక్కడితో మూసేయొచ్చు 😀

బీటెక్_బాలరాజు
ఎదురింటి ఆవిడ కొడుకు ఏ యూనివర్సిటీ? అది ముందు తేలాలి.

లొయోలా_89
అమ్మగారి భయం సంగతి ముందు చెబుతా. నేను విజయవాడ ఆంధ్ర లొయోలాలో 1987 నుంచి 89 దాకా ఇంటర్ చదివాను. అదీ జెసూట్లదే, 1954లో పెట్టారు. మా నాన్న పౌరోహిత్యం చేసేవారు. జంధ్యం వేసుకునే హాస్టల్లో ఉన్నాను. సాయంత్రం స్టడీ అవర్ గంట కొట్టాక వరండాలో చెప్పుల చప్పుడు కూడా వినపడకూడదు. వార్డెన్ ఫాదర్ తెల్ల అంగీతో వెనక నుంచి వచ్చి, పుస్తకం మీద వేలు పెట్టి “నిన్న కూడా ఇదే పేజీ కదా” అనేవారు. ఆయన నా మతం మార్చలేదు గానీ చేతిరాత మార్చారు.

మన కోస్తాలో ఎన్ని తరాలు ఫాదర్ల కాలేజీల్లో చదవలేదు చెప్పండి. బందరు నోబుల్ కాలేజీ 1843లో బడిగా మొదలైంది. గుంటూరు ఏసీ కాలేజీ 1885 నాటిది, ఎన్టీఆర్ గారు చదివింది అక్కడే. వాళ్ళంతా కలిసిపోయారా? అమ్మగారికి ఎన్టీఆర్ పేరు చెప్పి చూడండి, పని అవుతుంది.

చికాగో_చిట్టిబాబు
లొయోలా గారూ, విజయవాడలో ఫాదర్ మీ పేజీ చూశారు, బాగుంది. అమెరికాలో ఎంఎస్ పిల్లల దగ్గరికి ఏ ఫాదరూ రాడు. వచ్చేది బిల్లు.

మరియ_మనవరాలు
నేను తెలుగు క్రిస్టియన్‌ని. మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. ఓ క్యాథలిక్ యూనివర్సిటీలో సీటు వచ్చిందంటే మా ఇంట్లోనూ ఇలాంటి గొడవే అయింది. మా పాస్టర్ గారు “క్యాథలిక్ వాళ్ళ దగ్గరికా తల్లీ?” అని నెల రోజులు ప్రార్థన చేశారు. కాబట్టి మాస్టారి అమ్మగారు ఒంటరి కాదు 😂

అసలు విషయం ఏమిటంటే, ‘క్రిస్టియన్ యూనివర్సిటీ’ అన్నది ఒకే రకం సరుకు కాదు. జెసూట్లవి అమెరికాలో 27 ఉన్నాయి. జార్జ్‌టౌన్ (1789), బోస్టన్ కాలేజ్ (1863), శాంటా క్లారా (1851), మార్క్వెట్ (1881), మాస్టారి అమ్మాయికి వచ్చిన సెయింట్ లూయిస్ (1818), ఇవన్నీ ఆ కుటుంబమే. వీటిలో టీచర్లు, పిల్లలు అన్ని మతాల వాళ్ళూ ఉంటారు. బీఏ, బీఎస్సీ చదివే పిల్లలకి థియాలజీ, ఫిలాసఫీ పేపర్లు ఒకటో రెండో ఉంటాయి. ఎంఎస్ వాళ్ళకి అవి ఉండవు.

రెండో రకం, పేరులో మతం ఉన్నా రోజువారీ బతుకులో పెద్దగా కనిపించనివి. డల్లస్‌లో సదరన్ మెథడిస్ట్, ఫోర్ట్ వర్త్‌లో టెక్సస్ క్రిస్టియన్ లాంటివి.

మూడో రకం, నిజంగా మతం చుట్టూ తిరిగేవి. కౌన్సిల్ ఫర్ క్రిస్టియన్ కాలేజెస్ అండ్ యూనివర్సిటీస్ అని ఒక సంఘం ఉంది. అందులో పూర్తి సభ్యత్వం కావాలంటే ఫుల్‌టైమ్ ఫ్యాకల్టీగా క్రైస్తవుల్నే తీసుకోవాలి. టెక్సస్‌లోని బేలర్ బాప్టిస్టులది, అక్కడ డిగ్రీ పిల్లలు రెండు సెమిస్టర్లు చాపెల్‌కి (ప్రార్థన సభకి) వెళ్ళాలి. ఇక యూటాలో మోర్మన్ల బ్రిగం యంగ్ యూనివర్సిటీ ఉంది. వాళ్ళ ఆనర్ కోడ్ ప్రకారం మందే కాదు, టీ, కాఫీ కూడా కుదరవు.

బీటెక్_బాలరాజు
టీ కూడానా!! అది యూనివర్సిటీ కాదు, బాకీ పడ్డప్పటి మా హాస్టల్ మెస్.

కాకినాడ_ఖాజా
కాఫీ లేకుండా కంప్యూటర్ సైన్స్ చదివించగలిగితే ఆ దేవుడు ఉన్నట్టే.

గ్రాండ్_లిండెల్
మాస్టారూ, నేను సెయింట్ లూయిస్ యూనివర్సిటీ పాత స్టూడెంట్‌ని, ఇప్పుడూ ఆ ఊళ్ళోనే ఉద్యోగం. నా హ్యాండిల్ ఆ క్యాంపస్ మూలనున్న రెండు రోడ్ల పేరు. ఆ మూల మీదే సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ చర్చి ఉంది, రాతి కట్టడం, ఎత్తైన గోపురం. పిల్లలు దాన్ని కాలేజ్ చర్చ్ అంటారు. ఉన్న రెండేళ్ళలో నేను అందులోకి మూడుసార్లు వెళ్ళా. రెండుసార్లు చలికి తట్టుకోలేక, ఒకసారి క్రిస్మస్ పాటలు వినడానికి. ఎవరూ పేరు కూడా అడగలేదు.

ఏమిస్తారు అన్నారు. నేను చూసింది చెబుతా. మా క్లాసులో 20, 25 మంది. ప్రొఫెసర్‌కి మన పేరు వచ్చేస్తుంది, పలకడం తప్పొచ్చు గానీ మర్చిపోరు. జెసూట్లకి ‘క్యూరా పర్సొనాలిస్’ అని ఒక లాటిన్ మాట ఉంది. మనిషిని మొత్తంగా పట్టించుకోవడం అని అర్థం. గోడల మీద, మగ్గుల మీద, టీషర్టుల మీద అంతటా అదే. మొదట్లో నవ్వుకునేవాణ్ణి. రెండో సెమిస్టర్లో మా నాన్నకి స్ట్రోక్ వచ్చింది. నేను రెండు వారాలు క్లాసుకి వెళ్ళలేదు. మూడో వారం అడ్వైజర్ ఫోన్ చేసి, ముందు నాన్న ఎలా ఉన్నారని అడిగింది, తర్వాతే అసైన్‌మెంట్ల సంగతి. గవర్నమెంట్ యూనివర్సిటీలో ఇలా చేయరని కాదు. ఆరు వందల మంది ఉన్న డిపార్ట్‌మెంట్‌లో చేయడం కష్టం, అంతే.

ఊరి సంగతి. మెట్రోలింక్ రైలు గ్రాండ్ స్టేషన్లో ఆగుతుంది, క్యాంపస్‌కి నడిచి వెళ్ళొచ్చు. ఫారెస్ట్ పార్కులో జూ ఫ్రీ, ఆర్ట్ మ్యూజియం ఫ్రీ. డబ్బులు లేని ఎంఎస్ పిల్లలకి ఆదివారం గడవడానికి ఇంతకంటే ఏం కావాలి. బాల్విన్‌లో పెద్ద హిందూ దేవాలయం ఉంది, కారున్న సీనియర్‌ని పట్టుకోవాలి. ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషన్ దీపావళి చేస్తుంది. రాత్రిపూట ఒంటరిగా నడవొద్దు. అది ఏ అమెరికన్ సిటీకైనా చెప్పే మాటే, సెయింట్ లూయిస్‌కి రెండుసార్లు చెబుతాను.

పల్నాటి_లెక్కలు
గ్రాండ్ గారూ, చాలా థ్యాంక్స్. జూ ఫ్రీ అని అమ్మకి చెప్పాను. “చదువు ఫ్రీ కాదా?” అంది. కనీసం మాట్లాడింది.

మొక్కజొన్న_చేను
గ్రాండ్ గారు చెప్పింది నగరం మధ్యలో, రెండు వందల ఏళ్ళ నాటి యూనివర్సిటీ. అన్నీ అలా ఉంటాయనుకుని ఈ థ్రెడ్ చదివే పిల్లలు మోసపోకండి. నా కథ వినండి. పేరు చెప్పను. మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న క్రిస్టియన్ యూనివర్సిటీలో 2019లో చేరా.

బ్రోషర్ మీద ఆకాశాన్నంటే భవనాలు. దిగాక తెలిసింది, ఆ భవనాలున్న సిటీ అక్కడికి కారులో రెండున్నర గంటలు. క్యాంపస్‌కి మూడు వైపులా మొక్కజొన్న, నాలుగో వైపు శ్మశానం. బస్సు లేదు. శనివారం కాలేజీ వ్యాన్ వాల్‌మార్ట్‌కి తీసుకెళ్ళేది, గంటన్నరలో తిరిగి ఎక్కాలి. ఎక్కకపోతే ఆరు మైళ్ళు నడక. నేను ఒకసారి నడిచాను, బియ్యం మూటతో.

చదువు. మొదటి సెమిస్టర్లో మూడు సబ్జెక్టులకి ముగ్గురూ పార్ట్‌టైమ్ వాళ్ళే. ఒకాయన పగలు బ్యాంకులో పనిచేసి రాత్రి వచ్చి చెప్పేవాడు. మంచివాడే, నిద్ర మొహంతో ఉండేవాడు. రెండో ఏడాది మా కోర్సుకి కొత్త అడ్మిషన్లు ఆపేశారు. ఉన్నవాళ్ళని పూర్తి చేసుకోమన్నారు గానీ నేను తీసుకుందామనుకున్న ఎలెక్టివ్‌లు రెండూ ఎత్తేశారు. క్యాంపస్ ఉద్యోగం దొరకలేదు. పెద్ద రీసెర్చ్ యూనివర్సిటీల్లో ఉండే అసిస్టెంట్‌షిప్‌లు (ప్రొఫెసర్ దగ్గర పనిచేస్తే డబ్బిచ్చేవి) ఇలాంటి చోట దాదాపు ఉండవు, ఎందుకంటే అక్కడ రీసెర్చే ఉండదు.

కానీ ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. అక్టోబర్లో ఒక సాయంత్రం ఇంటర్నేషనల్ ఆఫీసు ఆవిడ మా పదకొండు మందినీ ఒక చర్చి కింద ఉన్న గదిలోకి తీసుకెళ్ళింది. లోపల వందల కోట్లు. (రూపాయలు కాదు, చలి కోట్లు.) హ్యాంగర్లకి వేలాడుతూ, ఒక్కోదానికి పిన్నుతో గుచ్చిన చీటీ, సైజు ఎంత, జిప్ పనిచేస్తుందా లేదా అని చేత్తో రాసి. ఎవరి సైజు వాళ్ళు తీసుకోమన్నారు. నేను తీసుకున్న దాని జేబులో దగ్గు బిళ్ళ కాగితం ఉంది. ఎవరో తాతగారిదై ఉంటుంది. ఆ కోటు ఇప్పటికీ వేసుకుంటున్నా. ఆ చర్చికి చెందిన ముసలి దంపతులు నన్ను థ్యాంక్స్‌గివింగ్‌కి ఇంటికి పిలిచారు. ఒక ఆదివారం చర్చికి వస్తావా అని అడిగారు, రానన్నాను. మళ్ళీ అడగలేదు, భోజనానికి పిలవడం మానలేదు.

మరియ_మనవరాలు
మొక్కజొన్న గారి కోటు దగ్గర ఆగిపోయాను.

చికాగో_చిట్టిబాబు
కోటు మంచిదే. దాని కోసం ఫీజు ఎంత కట్టాడో అడగండి. ఆ డబ్బుతో కోట్ల షాపు పెట్టొచ్చు.

మొక్కజొన్న_చేను
చిట్టిబాబు గారు అన్నదీ నిజమే. 😐

ఫారం990
వృత్తిరీత్యా అకౌంటెంట్‌ని, అందుకే ఈ హ్యాండిల్. మాస్టారి మూడో ప్రశ్నకి ఎవరూ సరిగ్గా జవాబివ్వలేదు.

అమెరికాలో ప్రైవేటు యూనివర్సిటీకి సొంత రాష్ట్రం, పరాయి రాష్ట్రం, పరాయి దేశం అన్న తేడా లేదు. అందరికీ ఒకటే ఫీజు బోర్డు. ఆ బోర్డు ధర పూర్తిగా కట్టేవాళ్ళు తక్కువ. డిగ్రీలో కొత్తగా చేరే పిల్లలకి ప్రైవేటు కాలేజీలు ఇచ్చే తగ్గింపు, సగటున బోర్డు ధరలో సగానికి పైనే ఉంటోందని వాళ్ళ బిజినెస్ ఆఫీసర్ల సంఘమే ఏటా లెక్క వేసి చెబుతుంది. పీజీకి అంత ఉండదు గానీ సూత్రం అదే. కాబట్టి ‘స్కాలర్‌షిప్ వచ్చింది’ అని స్వీట్లు పంచకండి. తగ్గింపు పోగా చేతి నుంచి పోయేది ఎంతో చూడండి. ఆ తగ్గింపు రెండో ఏడాదీ ఉంటుందా, దానికి ఎంత జీపీఏ నిలబెట్టుకోవాలి, ఇవి కాగితం మీద ఉండాలి.

రెండో లెక్క ముఖ్యమైనది. యూనివర్సిటీ ఆర్థిక పరిస్థితి. లాభాపేక్ష లేని ప్రైవేటు యూనివర్సిటీల్లో చాలావరకు ప్రతి ఏడాదీ ఫారం 990 అని ట్యాక్స్ శాఖకి వేస్తాయి. అది ఎవరైనా చూడొచ్చు. ప్రోపబ్లికా వాళ్ళ సైట్‌లో యూనివర్సిటీ పేరు కొడితే ఆదాయం, ఖర్చు, ఆస్తి, ప్రెసిడెంట్ జీతంతో సహా వస్తాయి. వరసగా మూడు నాలుగేళ్ళు ఖర్చు ఆదాయాన్ని మించితే ఆలోచించండి. ఊరికే చెప్పడం లేదు. పోర్ట్‌లాండ్‌లోని కాంకోర్డియా, లూథరన్ యూనివర్సిటీ, 2020లో మూతపడింది. ఫిలడెల్ఫియా దగ్గర క్యాబ్రీనీ, క్యాథలిక్‌ది, 2024లో. మాస్టారి అమ్మాయి వెళ్ళే సెయింట్ లూయిస్ ఊరి ఆనుకునే ఫాంట్‌బాన్ అని సిస్టర్లు 1923లో పెట్టిన యూనివర్సిటీ ఉండేది. 2025లో మూసేశారు, క్యాంపస్‌ని వాషింగ్టన్ యూనివర్సిటీ కొనుక్కుంది.

పల్నాటి_లెక్కలు
అయ్యో. ఇప్పుడు మా అమ్మ బదులు నాకు టెన్షన్ మొదలైంది. సెయింట్ లూయిస్ యూనివర్సిటీ కూడా అలా మూతపడుతుందా?

ఫారం990
మూతపడినవి చిన్నవి, పిల్లల ఫీజుల మీదే బతికేవి. మీది ఆ కోవలోది కాదు. వాళ్ళ ఎండోమెంటే (దాచిపెట్టిన మూలనిధి) వంద కోట్ల డాలర్ల పైమాట. నేను చెప్పింది అడ్మిట్ల లిస్టు పెట్టుకుని ఈ థ్రెడ్ చదివే మిగతా వాళ్ళకి. అలాగే అక్రెడిటేషన్ (యూనివర్సిటీకి ఉన్న గుర్తింపు) ఎవరిదో చూసుకోండి. మిస్సోరీ, ఇల్లినాయి వైపు హయ్యర్ లెర్నింగ్ కమిషన్, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ వైపు మిడిల్ స్టేట్స్, కెంటకీ, టెక్సస్ వైపు సదరన్ అసోసియేషన్. ‘ఇంటర్నేషనల్ బైబిల్ అక్రెడిటేషన్’ లాంటి పేర్లు కనిపిస్తే ట్యాబ్ మూసేయండి.

ఆర్ఎఫ్ఈ_బాధితుడు
నేను రెండో మాస్టర్స్ బాపతు. ఓపీటీ (చదువు అయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే గడువు) అయిపోయింది, హెచ్1బీ (ఉద్యోగ వీసా) లాటరీ తగల్లేదు, దేశంలో ఉండాలి. ఫ్రెండ్స్ అందరూ ‘డే వన్ సీపీటీ’ (చదువుతూనే మొదటి రోజు నుంచి ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి) ఉన్న ఒక చిన్న క్రిస్టియన్ యూనివర్సిటీ చెప్పారు. పేరు వద్దు. సెమిస్టర్‌కి రెండో మూడో వీకెండ్లు క్యాంపస్‌కి వెళ్ళాలి, మిగతాది ఆన్‌లైన్. క్లాసులో నలభై మందిమి ఉంటే ముప్ఫై ఐదు మంది తెలుగువాళ్ళం. భోజనం బ్రేక్‌లో పులిహోర డబ్బాలు తెరిస్తే అన్నవరం కొండలాగా ఉండేది.

రూలు తెలుసుకోండి. మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే సీపీటీ. మొదటి రోజు నుంచే ట్రైనింగ్ తప్పనిసరి అన్న పీజీ కోర్సులకి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు మీదే ఈ వ్యాపారం. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు చేస్తే ఆ లెవెల్లో ఓపీటీ పోతుంది. హెచ్1బీ వచ్చినప్పుడు నాకు ఆర్ఎఫ్ఈ (ఇంకా రుజువులు పంపమనే నోటీసు) వచ్చింది. క్యాంపస్‌కి నిజంగా వెళ్ళారా, రుజువులేవి అని. పెట్రోలు బిల్లులు, హోటల్ రసీదులు, ప్రొఫెసర్‌తో సెల్ఫీ అన్నీ కట్టగట్టి పంపా. ఏడు నెలలు నిద్ర లేదు.

చికాగో_చిట్టిబాబు
అదీ సంగతి. దేవుడి పేరు, వీసా వ్యాపారం.

మరియ_మనవరాలు
చిట్టిబాబు గారూ, ఆగండి. ఇలాంటి కోర్సులు క్రిస్టియన్ కానివాటిల్లోనూ ఉన్నాయి. మతం మీద తోసేయకండి. అయినా అక్కడికి వెళ్ళిన ముప్ఫై ఐదు మందీ దేవుడి కోసం వెళ్ళలేదు కదా.

ఆర్ఎఫ్ఈ_బాధితుడు
నిజమే, ఒప్పుకుంటున్నా. నన్నెవరూ బలవంతం చేయలేదు. మాస్టారి అమ్మాయిది మొదటి మాస్టర్స్, రెగ్యులర్ కోర్సు. ఇది ఆమెకి వర్తించదు. ఐ-20లో మేజర్ పక్కన ఉండే కోడ్ మాత్రం చూసుకోమనండి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోడ్ అయితేనే 12 నెలల ఓపీటీ మీద ఇంకో 24 నెలలు వస్తాయి.

పల్నాటి_లెక్కలు
చూశాను. 11.0701, కంప్యూటర్ సైన్స్ అని ఉంది.

ఆర్ఎఫ్ఈ_బాధితుడు
స్టెమ్మే. హాయిగా పడుకోండి.

ఎర్రజెండా_ఏలూరు
అందరూ జెసూట్ల సేవ గురించి మురిసిపోతున్నారు. 1838లో మేరీల్యాండ్ జెసూట్లు జార్జ్‌టౌన్ అప్పులు తీర్చడానికి 272 మంది బానిసల్ని లూసియానా తోటలకి అమ్ముకున్నారు. పిల్లల్ని, ముసలివాళ్ళని కూడా. ఆ మగ్గుల మీద ఇది కూడా అచ్చు వేస్తారా?

గ్రాండ్_లిండెల్
వేయరు. కానీ దాచనూ లేదు, జార్జ్‌టౌనే 2017లో బహిరంగంగా క్షమాపణ అడిగింది. సెయింట్ లూయిస్‌కి కూడా జెసూట్లు బానిసల్ని వెంటబెట్టుకునే వచ్చారు. ఇంకో సంగతీ చెబుతా. నేను చలికి దూరిన చర్చి ఉంది చూశారూ, అందులోనే 1944 ఫిబ్రవరిలో క్లాడ్ హీత్‌హాస్ అనే ఫాదర్ పిల్లల ముందు నిలబడి, ఈ యూనివర్సిటీ నల్లవాళ్ళని చేర్చుకోకపోవడం తప్పు అని ప్రసంగం చేశారు. ఆ ఏడాదే చేర్చుకున్నారు. ఒకప్పటి బానిస రాష్ట్రాల్లో అలా తలుపు తీసిన మొదటి తెల్లవాళ్ళ యూనివర్సిటీ అది.

ఎర్రజెండా_ఏలూరు
ఆ ఫాదర్‌ని ఏం చేశారో కూడా చెప్పండి.

గ్రాండ్_లిండెల్
తర్వాత వేరే ఊరికి పంపేశారు. 🙂

బీటెక్_బాలరాజు
ట్రాన్స్‌ఫర్ మన దగ్గర కనిపెట్టింది అనుకున్నా.

కాకినాడ_ఖాజా
మాస్టారూ, తిండి? అమ్మాయి శాకాహారా?

పల్నాటి_లెక్కలు
శాకాహారమే. వాళ్ళ నాయనమ్మ పెంపకం.

గ్రాండ్_లిండెల్
బియ్యం, పప్పు దొరుకుతాయి, ఇండియన్ స్టోర్లు ఉన్నాయి. ఈస్టర్ ముందు నలభై రోజులు క్యాథలిక్ చర్చిల్లో ప్రతి శుక్రవారం ఫిష్ ఫ్రై పెడతారు, ఊరంతా వరస కడుతుంది. వాళ్ళ లెక్కలో శుక్రవారం మాంసం మానేశారన్నమాట. చేప మాంసం కాదట!

కాకినాడ_ఖాజా
మా గోదావరి జిల్లా సిద్ధాంతం వాటికన్ దాకా వెళ్ళిందన్నమాట. పులస జిందాబాద్.

పల్నాటి_లెక్కలు
పది రోజుల తర్వాత వస్తున్నా. మీరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని రెండు యూనివర్సిటీలకీ ఈమెయిల్ పెట్టించాను. రెండూ జవాబిచ్చాయి. ప్రార్థనల సంగతి అడిగితే సెయింట్ లూయిస్ వాళ్ళు తప్పనిసరి ఏదీ లేదన్నారు. తగ్గింపు రెండో ఏడాదికీ ఉంటుందని, దానికి కావలసిన జీపీఏ ఎంతో కాగితం మీద ఇచ్చారు. అన్నీ కలిపితే గవర్నమెంట్ యూనివర్సిటీ మొత్తం మీద నాలుగున్నర లక్షలు తక్కువ పడుతోంది. కానీ అక్కడ బస్సు లేదు, కారు కొనాలి. కారు, ఇన్సూరెన్స్ వేస్తే తేడా లక్ష లోపుకి వచ్చింది. మొక్కజొన్న గారూ, ఈ లెక్క మీ బియ్యం మూట వల్లే వేశాను.

మొక్కజొన్న_చేను
ఆ ఆరు మైళ్ళు వృథా పోలేదన్నమాట.

చికాగో_చిట్టిబాబు
ప్లేస్‌మెంట్ గురించి అడిగారా? ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి?

పల్నాటి_లెక్కలు
అడిగాను. దానికి మాత్రం ఇద్దరూ బ్రోషర్ పంపారు.

చికాగో_చిట్టిబాబు
హహ. ప్రభుత్వమైనా ప్రభువైనా ఒకటే.

ఫారం990
యూనివర్సిటీ ‘ప్లేస్‌మెంట్’ చేస్తుందన్నది మన దగ్గరి అలవాటు. అక్కడ కెరీర్ ఫెయిర్ పెడతారు, రెజ్యూమే దిద్దుతారు, అక్కడితో సరి. ఆ ఊళ్ళో ఏ కంపెనీలున్నాయో చూడటం మేలు.

గ్రాండ్_లిండెల్
ఒఫాలన్‌లో మాస్టర్‌కార్డ్ టెక్ క్యాంపస్ ఉంది. బోయింగ్, సెంటీన్, ఎడ్వర్డ్ జోన్స్ ఈ ఊళ్ళోనే. ఇంటర్న్‌షిప్‌కి రైలెక్కి వెళ్ళే చోట్లూ ఉన్నాయి. గ్యారంటీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు, నాకు ఎనిమిది నెలలు పట్టింది.

నిహారిక_11.0701
హలో. నేను ఆ ‘అమ్మాయి’ని 🙋🏽‍♀️ నాన్న నా ఐ-20 కోడ్ దాకా అందరికీ చెప్పేశారని నిన్న రాత్రే తెలిసింది. మీరు రాసినవన్నీ చదివాను. చిన్న సవరణ, నేను నాయనమ్మ పెంపకంలో శాకాహారిని, హాస్టల్ పెంపకంలో గుడ్డు తింటాను. ఇది ఇంట్లో ఎవరికీ తెలియదు, నాన్నా, నువ్వు చదువుతుంటే ఇప్పుడు తెలిసింది.

నాన్న లెక్కలో లేనిది ఒకటుంది. నాకు థీసిస్ చేయాలని ఉంది. రెండు డిపార్ట్‌మెంట్లలో ఒక్కో ప్రొఫెసర్‌కి రాశాను. ఒకరు జవాబివ్వలేదు. సెయింట్ లూయిస్ ఆయన నా బీటెక్ ప్రాజెక్ట్ రిపోర్ట్ చదివి, మూడో చాప్టర్లో గ్రాఫ్ యాక్సిస్ తప్పు వేశావని రాశారు. నిజంగానే తప్పు. మా కాలేజీలో ఇద్దరు ఎగ్జామినర్లు సంతకం పెట్టిన రిపోర్ట్ అది. నేను అక్కడికే వెళ్దామనుకుంటున్నాను. వీసా స్లాట్ 14న, హైదరాబాద్‌లో.

లొయోలా_89
వేలు పెట్టి పేజీ చూపించే ఫాదర్ దొరికాడమ్మా నీకు.

నిహారిక_11.0701
ఆయన ఫాదర్ కాదు సార్, బెంగాలీ ఆయన 😄

మరియ_మనవరాలు
నాయనమ్మ గారు ఏమన్నారు?

పల్నాటి_లెక్కలు
ఎన్టీఆర్ మాట పనిచేసింది. కాకపోతే ఇప్పుడు గుడ్డు సంగతి తేలాలి.

బీటెక్_బాలరాజు
నిహారిక గారూ, మా అక్క కూడా అదే ఫాల్‌కి అదే యూనివర్సిటీ, అనలిటిక్స్. రూమ్మేట్స్ కోసం చూస్తోంది. గుడ్డు ఓకే.

మోడరేటర్
రూమ్మేట్ వెతుకులాట ‘ఇల్లు-వాకిలి’ విభాగంలో పెట్టండి. ఎవరూ ఫోన్ నంబర్లు ఇక్కడ రాయొద్దు. కన్సల్టెన్సీ ప్రకటనలు రెండు తీసేశాను.

కాకినాడ_ఖాజా
పులస పోస్ట్ కూడా తీసేశారా సార్? కనిపించట్లేదు.

మోడరేటర్
లేదు, పైన ఉంది. స్క్రోల్ చేయండి.